తల నాది, కాళ్లు వేరేవాళ్లవి

ఇది ఒక మహా పోరాటం కథ. ఒక యువకుడు, నలభైరెండు కిలోమీటర్ల దూరం, తెల్లవారుజాము చలి, దెబ్బతిన్న కాలు, ఓడిపోకూడదన్న పంతం, ఊపిరి బిగబట్టి చూస్తున్న ఊరు. చదువుతూ చదువుతూ మీ కళ్లు చెమ్మగిల్లాలి. చదవడం ముగించి మీరు కూడా బూట్లు తొడుక్కుని రోడ్డెక్కాలి.

అలాంటిదేం లేదు. దెబ్బతిన్న కాలు అన్నాను గానీ దానికి ఏ దెబ్బా తగల్లేదు. నెత్తురు రాలేదు, వాపు రాలేదు, కుట్లు వేసే పని పడలేదు. యుద్ధమంతా ఎడమ మోకాలి బయటి పక్కన, చొక్కా గుండీ అంత జాగాలో జరిగింది. ఊరు ఊపిరి బిగబట్టిన మాట కూడా ఉత్తదే. అప్పుడు ఊళ్లో పంచాయతీ ఎన్నికలు. ఊరికి నా మోకాలి కంటే పెద్ద పనులున్నాయి.

నేను నిజామాబాద్ బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సుల దుకాణంలో పనిచేస్తాను. పుట్టినరోజు, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, నాయకుడికి స్వాగతం, పెద్దాయన దశదిన కర్మ, అన్నీ మా మిషన్ లోంచే బయటికి వస్తాయి. జనం ఇచ్చిన ఫోటోల్లో మొహాలు తెల్లబరచడం, కొత్త చొక్కాలు తొడగడం, వెనకాల రెండు పావురాలను ఎగరేయడం నా ఉద్యోగం. దుకాణం యజమానిని అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. ఇల్లు మాత్రం బోధన్ రోడ్డు మీద, చెరుకు చేన్ల మధ్య ఉన్న ఊళ్లో. పొద్దున బస్సులో వస్తాను, సాయంత్రం బస్సులో పోతాను.

చిక్కేమిటంటే నాకు కూర్చోవడం రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. కుర్చీలో కూర్చుంటే కుడికాలు దానంతట అది ఊగుతుంది. దాన్ని ఆపితే ఎడమది మొదలుపెడుతుంది. రెంటినీ ఆపితే వేళ్లు బల్ల మీద కొట్టుకుంటాయి. ఒకరోజు భాయ్ బల్ల కిందికి వంగి చూశాడు.

"క్యా మియా, గిది కాలా, కుట్టుమిషనా? బల్ల ఊగుతున్నది, చాయ్ ఒలుకుతున్నది."

"ఆగుతలేదు భాయ్."

"ఆగకపోతే బయటికి తీస్కపో. జర తిప్పి పట్టుకరా."

ఇంట్లో కుక్కను తిప్పినట్టు కాళ్లను తిప్పుకురమ్మన్నాడన్నమాట. అట్లా మొదలైంది పరుగు. పొద్దున్నే లేచి కాలువ రోడ్డు మీద ఉరికితే ఆ రోజంతా కాళ్లు బుద్ధిగా ఉండేవి. రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు. పరుగు వల్ల నాకు నేను దొరకలేదు. నిద్ర దొరికింది, అదే చాలనిపించింది.

మా దిక్కు పొద్దున్నే ఉరికేవాళ్లు రెండే రకాలు. పోలీసు ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు, కుక్క తరిమినవాళ్లు. నా వెనక కుక్క కనపడేది కాదు కాబట్టి నేను మొదటి రకంలోకి వచ్చాను. కాలువ కట్ట మీద వేపపుల్ల నములుతూ కూర్చునే ఒక తాత రోజూ నన్ను ఆపేవాడు.

"నోటిఫికేషన్ పడ్డదా బిడ్డా?"

"పడలే తాత."

"మరెందుకు ఉరుకుతున్నవ్?"

"ఊకెనే."

"ఊకెనే ఎవడన్న ఉరుకుతడా? నాకు చెప్తే నేనేమన్న నీ పోస్టు గుంజుకుంటనా?"

కొన్నాళ్లకు విసిగిపోయి "పడ్తదంట తాత" అనడం మొదలుపెట్టాను. దానివల్ల ఆయనకు శాంతి, నాకు ముందుకు పోయే వీలు. మోటారుసైకిళ్ల మీద పోయేవాళ్లది ఇంకో బాధ. మనిషి రోడ్డు మీద ఉరుకుతున్నాడంటే ఏదో కొంప మునిగిందని బండి ఆపేవాళ్లు. "ఎక్కన్నా, ఎవలకేమైంది?" అని వాళ్లు, ఎవరికీ ఏమీ కాలేదని నేను. ఏమీ కాలేదని తెలిసి కొందరు కొంచెం నిరాశపడేవాళ్లు కూడా.

ఉరుకుడు పెరిగిన కొద్దీ మనసు ఊరుకోదు కదా. హైదరాబాద్‌లో చలికాలం చివర్లో మారథాన్ ఉందని తెలిసి, పూర్తి దూరానికే పేరు ఇచ్చేశాను. మధ్యలో సగం దూరం అనేది కూడా ఒకటి ఉందని ఫారంలో రాసే ఉంది. నేను చూశాను, చూసి నవ్వుకున్నాను. ఇంజనీరింగ్‌ను సగంలో వదిలిపెట్టినవాణ్ని. గిటార్ క్లాసు, డ్రైవింగ్ క్లాసు, జావా కోర్సు, ప్రేమ, ఇవన్నీ సగాలే. జీవితంలో ఒక్కటైనా చివరిదాకా చేద్దామని, ఎవరికీ చెప్పకుండా, లోపల గట్టిగా అనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా అన్నాను గానీ పక్కింటి దోస్తుకు మాత్రం చెప్పాను. వాడికి చెప్పడమంటే మైకులో చెప్పడమే.

మోకాలు తిరగబడింది చెరుకు కొట్టే రోజుల్లో. అప్పుడు కాలువ రోడ్డు చెరుకు ట్రాక్టర్లది. లోడు మీద లోడు, రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన గడలు. ఒక పొద్దున ఎప్పటిలాగే ఉరుకుతున్నాను. పంపుహౌజు దాటగానే ఎడమ మోకాలి బయటి పక్క ఎవరో సూదితో పొడిచినట్టయింది. ఆగాను. నొప్పి పోయింది. ఉరికాను. వచ్చింది. నడిచాను. పోయింది. నా జీవితంలో ఇంత క్రమశిక్షణగా వచ్చిపోయినది ఇంకోటి లేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ మోకాలిని లాంతరు గాజులా తిప్పి తిప్పి చూసింది.

"వాపు లేదు గదరా."

"లేదమ్మా."

"ఎర్రగ గూడ లేదు."

"లేదు."

"మరి ఏమున్నది?"

"నొప్పి ఉన్నది."

అమ్మ నమ్మింది గానీ పక్కిళ్లవాళ్లు నమ్మలేదు. కట్టు లేని నొప్పికి లోకంలో గౌరవం లేదు. పసుపు పండించే ఇల్లు కాబట్టి అమ్మ పసుపు పట్టు వేసింది. ఆ కట్టు ఉన్న రెండు రోజులూ అందరూ కుశలం అడిగారు. నొప్పి తగ్గలేదు, మర్యాద పెరిగింది.

చివరికి నిజామాబాద్‌లో ఫిజియోథెరపీ మేడం దగ్గరికి పోయాను. ఆమె గది ఒక మందుల దుకాణం మీద, మేడ మీద ఉంది. నా మోకాలికి అన్నిటికంటే కష్టమైన పని మెట్లు దిగడం. మోకాళ్లు బాగుచేసేవాళ్లంతా మేడ మీదే ఎందుకుంటారో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఒకసారి ఎక్కినవాడు డబ్బు కట్టకుండా తొందరగా దిగిపోలేడని కావచ్చు.

ఆమె కాలును అటూ ఇటూ వంచి, తుంటి నుంచి మోకాలి దాకా బయటి పక్కన ఒక పట్టీ లాంటిది ఉంటుందనీ, అది మోకాలి ఎముక దగ్గర ఒత్తుకుని మంట పుడుతోందనీ చెప్పింది. తర్వాత అడిగింది.

"ఎక్కడ ఉరుకుతరు?"

"కాలువ రోడ్డు మీద మేడం."

"ఏ పక్కన?"

"ఎడమ పక్కన."

"తిరిగి వచ్చేటప్పుడు?"

"అప్పుడు గూడ ఎడమ పక్కనే. రూల్ గదా మేడం."

ఆమె నన్ను కాసేపు చూసింది. బల్ల మీద ఉన్న అట్టను ఒక పక్క పైకి లేపి, దాని మీద రెండు వేళ్లను నడిపించింది. ఒక వేలు పైన, ఒక వేలు కింద. కింది వేలు కుంటుతోంది.

"ఆ రోడ్డు నడుమ ఎత్తు ఉండి అంచులు జారి ఉంటయి కదా? ట్రాక్టర్లతోని ఇంకింత కుంగి ఉంటది. మీరు పోయేటప్పుడు ఎడమ అంచు, వచ్చేటప్పుడు ఎడమ అంచు. ఏడాదంతా మీ ఎడమ కాలు గుంతల, కుడి కాలు గట్టు మీద."

నేను హెల్మెట్ పెట్టుకోను. ఒక బండి మీద ముగ్గురం ఎక్కుతాం. ఎర్ర లైటు పడితే ఎవరూ లేకుంటే పోతాం. పుట్టి బుద్ధెరిగాక నిష్ఠగా పాటించిన ట్రాఫిక్ రూల్ ఇదొక్కటే. అదే నా మోకాలి కొంప తీసింది.

"మారథాన్‌కు పేరు ఇచ్చిన మేడం," అన్నాను.

"సగానికి మార్చుకోండ్రి."

"గడువు అయిపోయింది."

"అయితే ఒకటి యాది పెట్టుకోండ్రి. నొప్పి మొదలైన జాగల ఆగితే వారం, పది రోజులల్ల తగ్గుతది. దాన్ని లెక్కచెయ్యకుండ ఉరికితే నెలలకు నెలలు బూట్లు అటక మీద పెట్టాల్సి వస్తది. మీకు ఉరుకుడు వచ్చు. ఆగుడు నేర్చుకోండ్రి."

మామూలు మనిషికి ఇది చిన్న మాట. నాకు మాత్రం కాదు. నెలల తరబడి కుర్చీ, నెలల తరబడి ఊగే కాలు, నిద్రపట్టని రాత్రులు, భాయ్ చాయ్ ఒలకడం. గొప్ప గొప్ప వాళ్లకు భయాలు గొప్పగా ఉంటాయి. నా భయం ఒలికిన చాయ్.

ఇప్పటికే లెక్కచేయకుండా ఉరికాను కాబట్టి ముందు కొన్ని వారాలు పరుగు బంద్ అంది మేడం. ఆ రోజుల గురించి రాయాలంటే ఇప్పటికీ లేచి నిలబడాలనిపిస్తుంది. పొద్దున ఎప్పటి వేళకే మెలకువ వచ్చేది. లేచి వాకిట్లో తిరిగేవాణ్ని. బావి దాకా పోయి వచ్చేవాణ్ని. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడి పోయేవాణ్ని. దుకాణంలో నాయకుల ఫోటోలకు పావురాలు ఎక్కువ పెట్టడం మొదలుపెట్టాను. ఒక దశదిన కర్మ ఫ్లెక్సులో కూడా చేయి ఆగక ఇంకో గుంపు పావురాలు వేశాను. వాళ్లు మెచ్చుకున్నారు, అది వేరే సంగతి.

మేడం నేర్పిన కసరత్తులు మాత్రం ఇంట్లో చేయాలి. పక్కకు పడుకుని కాలు లేపాలి. తర్వాత చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక కాలిని పక్కకు ఎత్తాలి. ఇది ఎట్లా ఉంటుందో మీరు ఊహించుకోగలరు. అమ్మ ఊహించుకోలేదు, చూసింది.

"గిదేం కసరత్తురా? మోరి కాడి కుక్కను సూసి నేర్సుకున్నవా?"

"డాక్టరమ్మ చెప్పిందమ్మా."

"ఆమె గూడ కుక్కనే సూసి ఉంటది."

బాపు మంచం మీంచి కదలకుండా అన్నాడు. "గంత గనం కాలు లేపెటోనివి, గా మోటర్ కాడికి పోయి స్విచ్చన్న ఎయ్యరాదు?"

నేను పోయి మోటర్ వేసి వచ్చి మిగతా కాలు లేపాను.

ఇక ఫ్లెక్సు సంగతి. దోస్తు ఆ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడ్డాడు. ఎన్నికల కోడ్ వచ్చిందని ఊళ్లో ఉన్న నాయకుల ఫ్లెక్సులన్నీ దించేశారు. వాడి మొహం జనానికి కనపడే దారి మూసుకుపోయింది. నేను ఫిజియో మేడం దగ్గరికి పోయిన ఒక మధ్యాహ్నం వాడు మా దుకాణానికి పోయి భాయ్‌తో మాట్లాడుకున్నాడు. నాకు ఒక్క ముక్క తెలియదు.

మర్నాడు పొద్దున బస్సు కోసం చౌరస్తాకు పోతే ఎదురుగా నేను. కిరాణా దుకాణం గోడ మీద, చెక్క ఫ్రేముకు బిగించి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గాలిలో ఎగురుతూ ఉరుకుతున్న నేను. తల మా పెద్దమ్మ కొడుకు పెళ్లిలో దిగిన ఫోటోది. తలపాగా తీసేశారు గానీ చెవుల పక్కన గులాబీ రంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. మెడ దగ్గర నేను ముగిసి, ఇంకెవరో మొదలయ్యారు. ఆ తొడలు, ఆ పిక్కలు, అవి నావి కావు. ఆ కాళ్లకు మోకాలి నొప్పి అంటే ఏమిటో తెలియదు. కింద ఇలా ఉంది: 42 కిలోమీటర్ల మారథాన్‌ను విజయవంతంగా పూర్తిచేసి ఊరికి వన్నె తెచ్చిన ముద్దుబిడ్డకు హార్దిక శుభాకాంక్షలు. ఆ కింద, ఇట్లు మీ శ్రేయోభిలాషి అని, రెండు చేతులూ జోడించిన దోస్తు. నాకంటే కొంచెం చిన్నగా, కొంచెం మాత్రమే.

బస్సు వదిలేసి వాడి ఇంటికి పోయాను. వాడు పళ్లు తోముకుంటున్నాడు.

"గదేందిరా చౌరస్తల?"

"ఫ్లెక్స్."

"గది కనవడుతున్నది. నేనింక ఉరకలే గదరా. అది వచ్చే నెల."

"పోలింగు గీ నెల గదరా."

"అయితే?"

"గిది రాజకీయం కాదు, ఆటల ఫ్లెక్స్. దీన్నెవడు దించుతడు? నువ్వు ఉరికేదాక ఆగితే నా ఎలక్షన్ ఆగుతదా?"

"కనీసం పూర్తిచెయ్యబోయే అని రాయిపియ్యకపోయినవ్?"

వాడు నురగ ఉమ్మేసి నన్ను జాలిగా చూశాడు. "చెయ్యబోయెటోనికి ఎవడన్న శుభాకాంక్షలు చెప్తడారా?"

దుకాణానికి పోయి భాయ్‌ను అడిగాను.

"కాళ్లు ఎవలవి భాయ్?"

"మాలూం లేదు. నెట్ల దొరికినయ్. మంచిగున్నయ్ గదా?"

"మరి నా కాళ్లు?"

"నీవి రిపేర్ల ఉన్నయ్ గదా మియా."

ఆ రోజు నుంచి నేను మారథాన్ పూర్తిచేసినవాణ్ని అయిపోయాను. చాయ్ హోటల్లో చెయ్యి కలిపారు. మంగలి షాపులో నా తల కొంచెం ఎక్కువసేపు మర్దన చేశారు. బస్సు కండక్టరు "ఎంతసేపట్ల ఉరికినవే?" అని అడిగాడు. నేను ఉరకలేదని ప్రతి ఒక్కరికీ చెప్పాను. నమ్మండి, ప్రతి ఒక్కరికీ. "ఎంత సాదా మనిషి సూడు, గొప్పలు చెప్పుకోడు" అన్నారు. నిజం చెప్పిన కొద్దీ నా పేరు పెరిగింది. వేపపుల్ల తాత మాత్రం "గింత ఉరికినంక గూడ పోస్టు ఇయ్యకపాయెనా?" అని ప్రభుత్వాన్ని తిట్టాడు.

అప్పుడు మొదలైంది అసలు అశాంతి. కాలు ఊగడం కాదు, అది పాతది. ఊరి దృష్టిలో పని అయిపోయింది. నేను ఉరికినా అంతే, ఉరకకున్నా అంతే. సగంలో వదిలిన ఇంజనీరింగ్‌ను అడిగినట్టు దీన్నెవరూ అడగరు. ఒక్క సంగతి పూర్తిచేద్దామనుకుంటే, నేను మొదలుపెట్టకముందే దాన్ని ఎవరో పూర్తిచేసి గోడకు కొట్టేశారు. ఆ ఫ్లెక్సు కింద నిలబడి బస్సు కోసం చూస్తున్నప్పుడల్లా, ఎట్లాగైనా ఉరికి దాన్ని నిజం చేయాలనిపించేది. ఇంకో గడియకు మేడం మాట గుర్తొచ్చి మోకాలిని తడుముకునేవాణ్ని. బస్సు వచ్చేదాకా ఇదే వరస. మా రూట్లో బస్సు తొందరగా రాదు.

అమ్మ ఒకరోజు సంతకు పోతూ ఫ్లెక్సును చూసింది.  రాత్రి అన్నం పెడుతూ అంది.

"గా కాళ్లు నీయి కావు."

"కావమ్మా."

"నీ ఎడమ పిక్క మీద చెరుకు మోడు గుచ్చుకున్న మచ్చ ఉండాలె. దానికి లేదు."

ఊరంతటిలో ఆ ఫ్లెక్సును సరిగ్గా చదివింది మా అమ్మ ఒక్కతే. ఆమెకు చదవడం రాదు. ఇక్కడ మీరు కొంచెం బరువుగా ఊపిరి తీసుకోవచ్చు. నేనూ తీసుకోబోయాను, అంతలో అమ్మ "తలకాయ గూడ నీది కాదేమో అనుకున్న, అంత తెల్లగున్నది" అంది.

పోలింగులో దోస్తు ఓడిపోయాడు. "నీ మొకం సూసి ఓట్లు పడలే గదరా" అన్నాడు. "కాళ్లు సూసి పడాల్సింది" అన్నాను. ఫ్లెక్సు మాత్రం దిగలేదు. పెట్టినవాడు ఓడిపోయాడు, తీయాల్సినవాళ్లకు అది రాజకీయం కాదు.

నేను మళ్లీ మెల్లగా ఉరకడం మొదలుపెట్టాను. బడి మైదానంలో, చదును నేల మీద, ఒకరోజు కుడి చుట్టు, ఒకరోజు ఎడమ చుట్టు. దూరం కొంచెం కొంచెం పెంచాను. మోకాలు మాట్లాడలేదు. ఇంట్లో కోపంగా ఉన్న మనిషి మాట్లాడకపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

పరుగు రోజు హైదరాబాద్‌కు దోస్తు కూడా వచ్చాడు. "నిన్ను ఉరికిచ్చింది నేనే గదా" అని. తెల్లారకముందే వేలమంది ఒక చోట నిలబడి గెంతుతున్నారు. జీవితంలో మొదటిసారి నా చుట్టూ అందరి కాళ్లూ ఊగుతున్నాయి. మా కులం ఇక్కడుందా అనిపించింది. నేను రోడ్డు నడుమ, కరెక్టుగా నడుమ, ఎవరు తోసినా కదలకుండా ఉరికాను. చాలాదూరం బాగుంది. ఎంత బాగుందంటే, అంత బాగుండటం నాకు అనుమానం తెప్పించింది.

ఒక ఫ్లైఓవర్ దిగుతుంటే సూది దిగింది. అదే జాగా. అదే గుండీ.

సగం దూరం గేటు కనపడుతోంది. అక్కడ సగం వాళ్లు పక్కకు తిరిగి పతకాలు వేసుకుంటున్నారు. పూర్తి వాళ్లు నేరుగా పోవాలి. అరటిపళ్లు పంచుతున్న ఒక అక్క నన్ను చూసి "ఫుల్లా, హాఫా? ఫుల్ అయితే సీదా పోవాలె తమ్మీ" అంది. నేను నేరుగానే పోయాను. నడిచాను, నొప్పి పోయింది. ఉరికాను, వచ్చింది. మళ్లీ నడిచాను. కుంటుకుంటూ పోతే చివరిదాకా పోగలనేమో. ఫ్లెక్సు నిజమైపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి కుర్చీ. అటు ఒక గోడ, ఇటు ఒక కుర్చీ, నడుమ నేను, హైదరాబాద్ రోడ్డు మీద, చేతిలో సగం తిన్న అరటిపండు.

మళ్లీ ఉరికి చూశాను. ఈసారి నొప్పి మోకాలి దగ్గర ఆగలేదు, తొడలోకి పాకింది. ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. చిత్రమేమిటంటే, కూర్చున్నాక కాలు ఊగలేదు. రెండూ ఊగలేదు. నేను పుట్టాక మొదటిసారి కావచ్చు. దాన్ని శాంతి అని రాద్దామనుకున్నాను గానీ, అంతదూరం ఉరికినవాడి కాళ్లు ఊగకపోవడంలో వింతేముంది?

ఆగిపోయినవాళ్లను ఎక్కించుకునే బస్సు వచ్చింది. అందులో ప్రతివాడి దగ్గరా ఒక వీరగాథ ఉంది. చీలమండ వాచిన ఒకాయన చుట్టూ అందరూ చేరారు. నన్ను "మీకేమైంది?" అని అడిగారు. మోకాలు చూపించాను. చూసి "ఏం లేదు గదా" అన్నారు. దోస్తు ఫోన్ చేశాడు.

"యాడున్నవ్‌రా? వీడియో పెట్టుకోని నిలవడ్డ. అందరొస్తున్నరు."

"బస్సుల ఉన్న."

"బస్సెందుకు ఎక్కినవ్?"

"సగం దాటి ఆగిపోయినరా. మోకాలు."

"అయ్యయ్యో," అన్నాడు వాడు. పాపం నా గురించే బాధపడుతున్నాడనుకున్నాను.

"మరి ఫ్లెక్స్?" అన్నాడు.

ఇంటికి పోతే అమ్మ గడపలోనే అడిగింది. "ఎంత ఉరికినవ్?"

"సగం కన్న జరంత ఎక్కువ."

"మెట్లు దిగుతున్నవా?"

"దిగుతున్న."

"సాలు. కాళ్లు కడుక్కొని రా."

మేడం చెప్పినట్టే కొన్ని రోజుల్లో నొప్పి పోయింది. మళ్లీ పొద్దున్నే ఉరుకుతున్నాను, పోయేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. ఎదురొచ్చే ట్రాక్టర్ల వాళ్లు నన్ను తప్పు పక్కన వస్తున్నావని తిడతారు. మోకాలు తిట్టదు.

ఫ్లెక్సు మాత్రం నన్ను వదల్లేదు. చివరికి దుకాణంలో 21 అని చిన్న స్టిక్కరు కొట్టుకున్నాను. మా వ్యాపారంలో అది మామూలే. పేరు తప్పు పడితేనో, తేదీ మారితేనో ముక్క కొట్టి పైన అతికిస్తాం. భాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"మియా, ఇన్నేండ్లల్ల నంబర్ పెంచుమన్న గిరాకిలను చూసిన. తగ్గించుమన్నోన్ని నిన్నే చూస్తున్న."

దోస్తు నిచ్చెన పట్టుకున్నాడు. "ఎవడు సూస్తడురా కిలోమీటర్లు? నా బొమ్మ మీద కాలు పెట్టకు" అని పది మాట్లు చెప్పాడు. 42 మీద 21 అతికించాను. ఆ తర్వాత ఎవరైనా ఏమైనా అంటారేమోనని చౌరస్తాలో రెండు బస్సులు వదిలేసి నిలబడ్డాను. ఎవరూ చూడలేదు.

పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎండాకాలం మొదట్లో, మబ్బు పట్టింది. ఆదివారం కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. గాలి లేచింది. కొమ్ములు తడిస్తే రంగు పోతుంది, ఏడాది కష్టం మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. ఉన్న టార్పాలిన్లు కప్పినా ఒక కుప్ప మిగిలిపోయింది. బాపు ఆకాశాన్నీ కుప్పనూ మార్చి మార్చి చూస్తున్నాడు. అమ్మ ఒక్కసారి అరిచింది.

"గా చౌరస్తల నీ బొమ్మ ఉన్నది గదరా! ఉరుకు!"

మా బండిని ఆ పొద్దునే దోస్తు తీసుకుపోయాడు. నేను ఉరికాను. మోకాలు గుర్తుకు రాలేదు, వాలు గుర్తుకు రాలేదు, రోడ్డు నడుమన చెప్పుల మీదే ఉరికాను. కట్ట మీద తాత లేచి నిలబడి "పడ్డదారా నోటిఫికేషన్!" అని కేక వేశాడు. చౌరస్తాలో మేకులు పీకే ఓపిక లేక గుంజితే ఫ్లెక్సు ఊడివచ్చింది. దోస్తు జోడించిన చేతుల్లో ఒకటి గోడకే ఉండిపోయింది. చుట్టి భుజాన వేసుకుని మళ్లీ ఉరికాను. నా పరుగు మా ఇంట్లో ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్క రోజే.

కల్లానికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ముగ్గురం పట్టి కుప్ప మీద కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టాం. వాన దంచి కొట్టింది. కొట్టంలో నిలబడి చూస్తుంటే స్టిక్కరు నీళ్లకు ఊడి జారిపోయింది. కింద 42 మళ్లీ బయటపడింది. నా మొహం మీద, ఎవరివో ఆ కాళ్ల మీద, దోస్తు మిగిలిన చేతి మీద నీళ్లు జారిపోతున్నాయి. అమ్మ వంగి ఒక మూల లేపి, కింద చెయ్యి పెట్టి చూసింది.

"తడువలే," అంది.

ఫ్లెక్సు కప్పేటప్పుడు బొమ్మ ఉన్న పక్క పైకి ఉండాలి. కిందికి ఉంటే రంగు దిగి కొమ్ములకు అంటుకుంటుంది.